‘పుట్టు ప్లేయర్’ అన్నరు, ఇప్పుడు గ్రౌండుకే పోతలేడు

శైలజ_నల్గొండ
మా వాడికి 12 ఏండ్లు, ఏడో తరగతి. చిన్నప్పటిసంది కబడ్డీ పిచ్చి. మా గల్లీల, బడిల అందరు “వీడు పుట్టు రైడరు, వీనికి నేర్పే పనే లేదు” అన్నోళ్లే. మండలం దాకా అట్లనే నడిచింది. మొన్న జిల్లా సెలక్షన్లల మిగతా మండలాల పిల్లలు మస్తు గట్టిగున్నరు. కూతకు పోయినప్పుడల్లా కాలు దొరకబట్టిన్రు. లిస్టుల పేరు రాలే. అప్పటిసంది గ్రౌండు మొఖం చూస్తలేడు. పొద్దుగాల లేపితే కడుపునొప్పి అంటడు, సాయంత్రం అయితే హోంవర్కు అంటడు.

“నాకు టాలెంట్ ఉంటే వాళ్లు పట్టుకునేటోళ్లా అమ్మా” అని అడుగుతుండు. వాళ్ల నాయిన పోనియ్, చదువు మీద పడతడు అంటున్నడు. కోచ్ సారేమో ఫోన్ చేసి “నువ్వు స్టార్‌వి రా, నువ్వు రాకుంటే ఎట్ల” అంటున్నడు. ఆ మాట వినంగనే ఫోన్ నా చేతుల పెట్టి లోపలికి పోతున్నడు. తిట్టేటోళ్లు ఎవ్వరూ లేరు, అందరు పొగిడెటోళ్లే. మరి వీనికి ఎందుకిట్ల అయింది? ఆడినోళ్లు, ఆట నేర్పేటోళ్లు చెప్పుండ్రి.

పాలమూరు_రైడర్
కడుపునొప్పి ఎన్ని రోజులుంటదో మా నాయినను అడిగితే చెప్పేటోడు. గ్రౌండుకు పోనంటే బర్ల కాడికి పొమ్మనేటోడు. అరగంటల నొప్పి పోయేది 😀

అక్కా, నవ్వులాటకు అన్న గని విషయం చిన్నది కాదు. ఈ వయసుల ఆట ఇడిసినోడు మళ్ల వచ్చుడు కష్టం. నాతోని ఆడినోళ్లల నాకన్న మంచి రైడర్లు ఇట్లనే పోయిన్రు.

మిర్యాలగూడ_మూర్తి
పిల్లలను నెత్తికెక్కించుకుంటే ఇట్లనే ఉంటుంది. మా కాలంలో సారు ఒక్క మంచి మాట అనడానికి ఏడాది పట్టేది. తప్పు చేస్తే గ్రౌండు చుట్టూ పరుగెత్తించేవారు. రోషం వచ్చేది, ఆట వచ్చేది. నాలుగు రోజులు గట్టిగా అనండి, వాడే లేస్తాడు.

జడ్చర్ల_లెక్చరర్
మూర్తి గారు, పొగడ్త గురించి మీరన్న దాంట్లో సగం నిజముంది. అయితే మందు తిట్టు కాదు.

గ్రోత్ మైండ్‌సెట్, అంటే సామర్థ్యం పుట్టుకతోనే ఆగిపోదు, సాధనతో పెరుగుతుంది అనే నమ్మకం, ఈ మధ్య కోచింగ్ క్యాంపులన్నింట్లో వినపడుతోంది కదా, దానికి మూలమైన పరిశోధనల్లో ఒకటి సరిగ్గా ఈ పిల్లవాడి సంగతే. 1998లో క్లాడియా మ్యుల్లర్, కెరొల్ డ్వెక్ అనే ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు ఐదో తరగతి పిల్లలకు పజిళ్లు ఇచ్చారు. మొదటివి తేలిక, అందరూ బాగానే చేశారు. కొందరితో “నువ్వు తెలివైనవాడివి” అన్నారు, కొందరితో “బాగా కష్టపడ్డావు” అన్నారు. తర్వాత కావాలని కష్టమైనవి ఇచ్చారు, అందరూ తడబడ్డారు. మళ్లీ తేలికవి ఇస్తే తెలివైనవాళ్లు అనిపించుకున్నవాళ్ల స్కోరు మొదటికంటే పడిపోయింది. కష్టపడ్డారు అనిపించుకున్నవాళ్లది పెరిగింది. ఇంకో సంగతి, తెలివైనవాళ్లు అనిపించుకున్న పిల్లల్లోనే తమ మార్కులు ఎక్కువ చేసి చెప్పుకున్నవాళ్లు ఎక్కువ.

శైలజ గారి అబ్బాయికి ఏళ్ల తరబడి చెప్పింది ఒకటే: పట్టుబడకపోవడమే నువ్వు. ఇప్పుడు పట్టుబడ్డాడు. మరి వాడెవరు? ఆ ప్రశ్నకు జవాబు దొరక్క కడుపునొప్పి వస్తోంది. కోచ్ గారు మళ్లీ స్టార్ అంటే పుండు మీద కారమే.

సూర్యాపేట_యార్కర్
సిరాజ్‌ను చూపించుండ్రి వానికి. 2025 ఆగస్టు, ఓవల్ టెస్టు. ఇంగ్లండు బ్యాటర్ బ్రూక్ 19 మీద ఉన్నప్పుడు క్యాచ్ పట్టి, కాలు బౌండరీ తాడు మీద పెట్టిండు. బ్రూక్ 111 కొట్టిండు. మ్యాచ్ పోయిందంటే ఆ తప్పు మనిషి బతికినన్ని రోజులు ఎంటవడేది. తెల్లారి ఇంగ్లండుకు 35 పరుగులు కావాలె, చేతిల 4 వికెట్లు. అండ్ల మూడు సిరాజే తీసిండు. ఆఖరుది అట్కిన్సన్ బౌల్డ్. 6 పరుగులతోని గెలిచినం. ఆటో నడిపినాయన కొడుకు, మన హైదరాబాద్ పోరడు.

మిర్యాలగూడ_మూర్తి
సింధు కూడా. 2017లో బ్యాడ్మింటన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో జపాన్ అమ్మాయి ఒకుహర చేతిలో 110 నిమిషాలు ఆడి ఓడింది. 2018లో మళ్లీ ఫైనల్, స్పెయిన్ అమ్మాయి మారిన్ చేతిలో ఓటమి. ఫైనల్ అంటే భయం అని పేపర్లన్నీ రాశాయి. 2019లో బాసెల్‌లో అదే ఒకుహర మీద 21-7, 21-7. రోషం అంటే అది.

జడ్చర్ల_లెక్చరర్
ఆ రెండేళ్లూ రోషం ఒక్కటే పని చేసిందంటారా? ఆ వెనుక ఒక అకాడమీ ఉంది, ఫిజియో ఉన్నారు, ప్రతి ఓటమినీ వీడియోలో చూసి విప్పి చెప్పే కోచ్‌లు ఉన్నారు. మన పిల్లలకు రోషం చాలానే ఉంది. విప్పి చెప్పేవాళ్లే లేరు.

కోస్గి_కోడలు
గెలిచినోళ్ల ముచ్చట్లే చెప్తున్నరు. ఓడిపోయి ఊకున్నోళ్లు లక్షల మంది ఉంటరు, వాళ్ల పేర్లు మనకు తెల్వవు. వాళ్లందరికి మైండ్‌సెట్ లేకనే పోయిన్రా? మా అక్క కొడుకు లాంగ్‌జంప్‌ల ముందుండేటోడు. అక్కా బావ పుణె పనికి పోయినంక అవ్వ కాడ ఉన్నడు. పొద్దున ప్రాక్టీసుకు పోవాలంటే అన్నం ఎవలు వండాలె? ఆ పిల్లగాడు ఆట ఇడిసిండు. “పట్టుదల లేదు” అన్నరు సార్లు. అవ్వకు మోకాళ్లు లెవ్వవు, పొయ్యి దగ్గర వాడే కూసునేది. అది పట్టుదల కాదా?

మర్రిగూడ_మాస్టర్
కోస్గి అమ్మ మాటకు నా మాట కలుపుకోండి. నేను పని చేసింది నల్గొండ జిల్లాల మర్రిగూడ, నాంపల్లి వైపు. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన పిల్లలతో డ్రిల్లు చేయించిన. ఎముక ఎదిగే వయసుల ఆ నీళ్లు పడితే కీళ్లు బిగుసుకుంటయి, కాళ్లు వంకర పోతయి. కూసొమ్మంటే మునికాళ్ల మీద కూసోలేని పిల్లలుండేటోళ్లు. వాళ్లకు “అనుకుంటే సాధిస్తవ్” అని నేనెన్నడూ చెప్పలే. చెప్తే అబద్ధం. కృష్ణ నీళ్లు వచ్చినంక ఇప్పటి పిల్లలు వేరే తీరుగున్నరు, చూస్తే పానం నిమ్మళమైతది.

మైండ్‌సెట్ అనే మాట మంచిదే. గని నీళ్లు, తిండి, నిద్ర, ఆడనిచ్చే పెద్దోళ్లు, ఇవన్ని ఉన్నంక పనికొచ్చే మాట అది. ఇవి లేని పిల్లగాని మీద ఆ మాట రుద్దితే తప్పంత వాని మీదికే పోతది.

దేవరకొండ_పీఈటీ
మాస్టర్ గారు, ఈ మాట మా ట్రైనింగుల ఎవరన్న చెప్పి ఉంటే బాగుండేది. నేను గురుకులంల పీఈటీని. అన్నం, గుడ్డు, నిద్ర వరకు మా హాస్టల్ల ఒక తీరుగ నడుస్తది. ఆ తర్వాత మొదలయ్యేది శైలజ అక్క అడిగిన సమస్యే.

అక్కా, వాన్ని స్టార్ అనకుండ్రి. నీకు టాలెంట్ ఉంది అని బుజ్జగించకుండ్రి. టాలెంట్ ఉందా లేదా అనే లొల్లిలకే దిగద్దు. వానితోని కూసొని ఒక్కటే అడుగుండ్రి: “ఎవలు పట్టిన్రు? ఎటు దిక్కు నుంచి వచ్చిండు? అప్పుడు నీ బరువు ఏ కాలు మీదుంది?”

వాడు చెప్తడు. కబడ్డీ పిల్లలకు పట్టుబడిన రైడు ఒక్కటి కూడ మర్చిపోరు.

మీరు రాసిందాన్ని బట్టి నేను అనుకునేది ఇది. గల్లీల ఆడినన్ని రోజులు వానికి ఉరుకుడు సరిపోయింది. కార్నర్ల, అంటే ఎదుటి వరుసకు రెండు చివర్ల ఉన్న పిల్లలు వచ్చేలోపలనే తాకి వచ్చేటోడు. జిల్లాల కార్నర్ ఆగి చూస్తడు. రైడరు ముందుకాలు మీద బరువేసి వెనుదిరిగే దాకా కూసుంటడు, తిరగంగనే చీలమండ పడతడు. యాంకిల్ హోల్డ్ అంటే అంతే. దానికి విరుగుడుంది, నేర్పితే వస్తది. రెండు కార్నర్లను మాత్రమే నిలబెట్టి, పాయింట్ తేవద్దు, 30 సెకన్లు పట్టుబడకుండ ఉండి రా అని పంపాలె. తర్వాత ఇంకో ఆట: కావాలని పట్టిచ్చి, ఆడికెంచి మధ్యగీతకు చెయ్యి తగిలిచ్చుడు. తగిలితే పట్టినోళ్లందరు ఔటే గదా. పట్టుబడుడు కూడ ఆటల ఒక భాగమే అని పిల్లగానికి ఒంటితోని తెలుస్తది. నోటితోని చెప్తే తెల్వది.

పాలమూరు_రైడర్
అన్నా, కరెక్ట్. నాకు యాంకిల్ హోల్డ్ నుంచి గుంజుకునుడు నేర్పింది ఒక డిఫెండరు, కోచ్ కాదు. “నువ్వు నన్ను చూస్తలేవు, నేను నిన్ను చూస్తున్న” అన్నడు. ఆ ఒక్క మాట నాకు పదేండ్లు పనికొచ్చింది.

శైలజక్కా, ఇంకోటి. చిన్న ఒళ్లున్న రైడర్‌కు బోనస్ గీత ఉంది. ఎదుట ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు ఒక కాలు గీత దాటించి, ఇంకో కాలు గాల్లకు లేపితే ఎవ్వరిని తాకకుండనే పాయింటు. పెద్ద పోరగాళ్లను గుంజుకొచ్చే పని లేదు.

మిర్యాలగూడ_మూర్తి
మీరందరూ చెప్పేది వింటుంటే ఏ పిల్లవాడైనా ఏ ఆటైనా నేర్చుకోవచ్చన్నట్టుంది. నేను ఒప్పుకోను. ముప్పై ఏళ్లు వాలీబాల్ నేర్పాను. కొందరు మొదటి రోజే బంతి ఎక్కడ పడుతుందో చూస్తారు, కొందరికి ఎన్ని నెలలైనా రాదు. ఆ తేడా కళ్ల ముందుంటే లేదని ఎలా అంటాం? పిల్లలకు అబద్ధపు ఆశ పెట్టడం కూడా పాపమే.

దేవరకొండ_పీఈటీ
తేడా లేదని నేను అంటలేను సార్. వేగం, ఎత్తు, చెయ్యి కన్ను కలిసే తీరు అందరికీ ఒక్కతీరు ఉండయి. నేనడిగేది, 12 ఏండ్లకే ఆ లెక్క తేల్చొచ్చా అని. మగపిల్లలు ఒక్కసారి సర్రున పొడుగు సాగేది ఎక్కువగ 13, 14ల. కొందరికి ముందే, కొందరికి ఇంకా లేటు. కాళ్లు ముందు సాగుతయి, బలం తర్వాత వస్తది. నడిమిట్ల కొన్ని నెలలు పిల్లగాడు తన కాళ్లే తనయి కానట్టు తడబడతడు. నిన్నటిదాక చేసిన పని ఇయ్యాల రాదు. ఆ నెలల్లనే మనం “వీనికి ఇగ రాదు” అని రాసి పెడుతున్నం.

జడ్చర్ల_లెక్చరర్
దీనికి పుట్టిన నెల కూడా తోడవుతుంది. అండర్-14 అంటే కటాఫ్ జనవరి 1. జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే గుంపు. ఆ వయసులో ఏడాది తేడా అంటే చిన్నది కాదు. కెనడా ఐస్ హాకీ జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా ఉన్నారని 1985లోనే లెక్క తీసి చూపించారు. ముందు పుట్టి ముందు పెరిగినవాడిని ఎంచుకుంటాం, వాడికే ఎక్కువ మ్యాచ్‌లు ఇస్తాం, నాలుగేళ్ల తర్వాత చూశారా వాడే బాగా ఆడుతున్నాడు అంటాం.

మన ఊళ్లలో ఇది ఇంకా చిక్కు. బడిలో చేర్చిన రోజు సారు ఏ జూన్ నెల తేదీ రాస్తే అదే పుట్టినరోజు. కాగితం వయసు వేరు, ఒంటి వయసు వేరు.

సూర్యాపేట_యార్కర్
కాగితం వయసు దిద్దించుకొని వచ్చే టీముల గురించి మాట్లాడితే రాత్రంత సాలదు. మీసాలొచ్చిన అండర్-14లు 😂

గద్వాల_రన్నర్
ఇప్పటి దాకా అందరూ మగపిల్లల గురించే మాట్లాడారు. నేను బీపీఈడీ చదువుతున్నా, 400 మీటర్లు పరుగెత్తుతా. ఆడపిల్లలు ఎదిగేది ఇంకా ముందు, 11, 12 ఏళ్లకే. సరిగ్గా అప్పుడే ఇంట్లో లాగు వేసుకోవద్దంటారు, గ్రౌండులో బాత్రూం ఉండదు, సాయంత్రం ఆరు దాటితే రావద్దంటారు. ఒళ్లు మారినప్పుడు టైమింగ్ తగ్గుతుంది, ఇంట్లో “చూశావా, ఇంక చాలు” అంటారు. ఆ రెండేళ్లు దాటించే మనిషి ఒక్కరు ఉంటే చాలు. నాకు మా పీడీ మేడం ఉన్నారు. మా ఇంటికి వచ్చి మా నాన్నతో మాట్లాడింది. టైమింగ్ గురించి ఒక్క మాట అనలేదు. “ఈ ఏడాది దీని అడుగు పొడవు మారింది, మళ్లీ కుదురుకోవడానికి టైం పడుతుంది, నాకు వదిలెయ్యండి” అంది.

మూర్తి సార్ టాలెంట్ మాటకు నందిని అగసరను చెప్తా. మన సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అమ్మాయి. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం. 5712 పాయింట్లు, నాలుగో స్థానం 5708. నాలుగంటే నాలుగే పాయింట్లు తేడా. హెప్టాథ్లాన్‌లో ఏడు ఈవెంట్లు. హర్డిల్స్ ఉంటాయి, షాట్‌పుట్ ఉంటుంది, జావెలిన్ ఉంటుంది, ఆఖరికి 800 మీటర్లు. అన్నీ పుట్టుకతో వచ్చిన మనిషి ఎక్కడా ఉండదు. రాని ఈవెంటును పట్టుకుని కొంచెం కొంచెం పెంచుకుంటేనే ఆ నాలుగు పాయింట్లు.

కోస్గి_కోడలు
బిడ్డా, మీ మేడం అసొంటోళ్లు ప్రతి మండలంల ఒకరుంటే ఎంత బాగుండు.

పారా రన్నర్ దీప్తి జీవాంజి ముచ్చట గూడ చెప్పాలె. వరంగల్ దిక్కు కల్లెడ. చిన్నప్పుడు ఊళ్లోళ్లు ఏమేమి అన్నరో పేపర్లల్ల చదివితే కండ్లల్ల నీళ్లొచ్చినయ్. 2024ల జపాన్ కోబెల పారా ప్రపంచ పోటీలల్ల 400 మీటర్లు 55.07 సెకన్లు, ఆమె విభాగంల అప్పటికి ప్రపంచ రికార్డు, అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌ల కాంస్యం. ఆ అన్నోళ్లందరు మైండ్‌సెట్ మార్చుకోవాల్సినోళ్లు. ఆ పిల్ల గాదు.

మిర్యాలగూడ_మూర్తి
ఈ మాటకు నేను తలవంచుతా. వాలీబాల్‌లో నా దగ్గర ఎత్తు లేదని పక్కన కూర్చోబెట్టిన పిల్లల కోసం ఇప్పుడు లిబెరో అని వెనక వరుసలో బంతి కాపాడే స్థానమే ఉంది. అయినా టాలెంట్ తేడా ఉంటుందన్న మాట మీదే ఉన్నాను.

జడ్చర్ల_లెక్చరర్
ఉండండి సార్, ఉండాలి కూడా. మైండ్‌సెట్ మంత్రమేమీ కాదు. 2019లో అమెరికాలో దాదాపు 12 వేల మంది తొమ్మిదో తరగతి పిల్లల మీద పెద్ద పరిశోధన జరిగింది. మెదడు పెరుగుతుంది, నేర్చుకోవచ్చు అని గంట లోపు ఆన్‌లైన్ పాఠం చెప్పారు. వెనకబడిన పిల్లల గ్రేడు సగటున 0.1 పాయింటు పెరిగింది. చిన్న పెరుగుదలే. నాకు నచ్చింది ఇంకోటి: తోటి పిల్లలు కష్టమైన లెక్కలు పట్టుకోవడం మామూలుగా ఉన్న బడుల్లోనే ఆ పాఠం ఎక్కువ పనిచేసింది. అది బడి సంగతి, కబడ్డీ సంగతి కాదు, నేరుగా అతికించను. కానీ ఒక్క పిల్లవాడికి క్లాసు పీకి, చుట్టూ గ్రౌండును అలాగే వదిలేస్తే ఏం లాభం అని నాకు అనిపిస్తుంది. పట్టుబడినవాడిని చూసి మిగతావాళ్లు నవ్వే గ్రౌండులో ఎవడు కొత్త రైడు ప్రయత్నిస్తాడు?

శైలజ_నల్గొండ
అందరి మాటలు చదివిన. పీఈటీ తమ్ముడు చెప్పినట్టు అడిగి చూసిన. మొదలు మాట్లాడలే. తర్వాత పప్పు గిన్నె, చెంబులు కింద పెట్టి ఎవడు ఏడ నిలబడ్డడో చూపిచ్చిండు. ఒక్కటి సమజ్ కాలే. కోచ్ సార్‌కు ఇది ఎట్ల చెప్పాలె? మంచి మనిషి, పైసలు తీసుకోడు. పొగడకుండ్రి అంటే బాధ పడతడేమో.

దేవరకొండ_పీఈటీ
పొగడద్దని చెప్పకుండ్రి అక్కా. “సార్, ఈ వారం వాడు ఎడమ కార్నర్‌ను చూసి తిరుగుతుండా లేదా అది ఒక్కటి చూసి నాకు చెప్పుండ్రి” అని అడుగుండ్రి. కోచ్‌కు చూడాల్సిన పని దొరికితే మాట దానంతటదే మారుతది. “శభాష్ స్టార్” పోయి “ఇయ్యాల నడుము వంచి తిరిగినవ్, అందుకే దొరకలే” అనుడు వస్తది. అదీ పొగడ్తే. పిల్లగాడు మళ్ల చెయ్యగలిగే పొగడ్త.

ఒక మాట మాత్రం పైలం. రోజంత కష్టపడ్డవ్, కష్టపడ్డవ్ అని మెచ్చుకుంటే కూడ తప్పే. తప్పు తీరుల వెయ్యి రైడ్లు చేస్తే ఆ తప్పే గట్టిపడతది. ఏం మారిందో చెప్పాలె, మారకపోతే తీరు మార్చాలె.

మర్రిగూడ_మాస్టర్
కోచ్‌ల మీద కూడ వేరే వత్తిడి ఉంటది. స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ కోసం తల్లిదండ్రులు అండర్-14 నుంచే గెలుపు అడుగుతరు. గెలవాలంటే ఒడ్డు పొడుగు ఉన్నోన్ని ఆడించాలె. చిన్నోడు బెంచి మీద కూసుంటడు. బెంచి మీద కూసొని ఎవ్వడు నేర్చుకోడు, ఎంత మంచి మాట చెప్పినా.

పాలమూరు_రైడర్
దీని గురించే నాకొక ఆలోచన ఉంది. సంక్రాంతికి మా ఊర్ల పిల్లల టోర్నమెంటు పెడతం. ఈసారి వయసు గుంపు తీసేసి బరువు గుంపు పెడదామనుకుంటున్న. 35 కిలోల లోపు, 45 లోపు. టీముల ఉన్న ప్రతి పిల్లగాడు ప్రతి మ్యాచ్‌ల కనీసం ఒక సగం ఆడాలె. ఓడిన టీముకు ఇంకో రెండు మ్యాచ్‌లు గ్యారంటీ, నాకౌట్ లేదు. ఎవలన్న అడ్డం మాట్లాడుతరా?

మిర్యాలగూడ_మూర్తి
నాకౌట్ లేకపోతే కసి ఎక్కడుంటుంది? ఫైనల్ ఒక్కటైనా పెట్టు నాయనా. మిగతావి నీ ఇష్టం.

పాలమూరు_రైడర్
సరే సార్, ఫైనల్ ఉంటది. మీరే వచ్చి విజిల్ ఊదాలె మరి.

సూర్యాపేట_యార్కర్
బరువు ఏడ చూస్తవ్ అన్నా, రేషన్ దుకాణం కాంటా మీదనా 😀

పాలమూరు_రైడర్
హెల్త్ సబ్‌సెంటర్ ఏఎన్‌ఎం అక్కను అడిగిన, మెషిన్ తెస్తానంది. పిల్లలు తిండి మానేసి బరువు తగ్గకుండ ముందు రోజు కాదు, నెల ముందే తూచి రాస్తం.

గద్వాల_రన్నర్
ఆడపిల్లలకు గుంపు ఉందా? ఉంటే మా దగ్గర ఒక టీము ఉంది. బట్టలు మార్చుకునే గది కావాలి, అది ముందే చెప్తున్నా.

పాలమూరు_రైడర్
బడి తాళాలు హెడ్మాస్టర్ దగ్గర తీసుకుంట. రెండు గదులు మీకే. పేర్లు, బరువులు పంపు చెల్లె.